ఖాళీ గడి

పర్లాకిమిడి బస్టాండు వెనక
నా జిరాక్సు కొట్టు. లోపలి గదిలో
రెండు టీవీలు, నాలుగు కంట్రోలర్లు,
ఒకదానికి తన్నే బటను పనిచెయ్యదు.
గంటకి ముప్ఫై.
ఆ సాయంత్రం ఎవ్వరూ ఆడలేదు.

కొట్లాట ఆటలోకి ఈ ఏడు నలుగురు చుట్టాలొస్తారట,
వేరే ఆటల్లోంచి, వేరే కథల్లోంచి.
ముగ్గురి పేర్లు చెప్పేశారు.
నాలుగో గడిలో నల్లటి నీడ.
రాత్రి తొమ్మిదిన్నరకి తెర తీస్తారు.

"గద పట్టుకున్నాడ్రా" అన్నాడు తవిటేషు.
"గద కాదు, జడ" అన్నాడు టుకునా.
సాగదీసి చూశారు, తిరగేసి చూశారు,
చివరికి నా చేతే ప్రింటు తీయించారు.
నెల రోజుల సిరా తాగేసింది ఆ నీడ.

పేరున్నవాళ్లందరూ అయిపోయాక
ఊళ్లోకి దిగారు.
టుకునా పెదనాన్న కొమ్ముబొమ్మలు చెక్కుతాడు.
"రంపం ఒక్క ఊపు, అవతలోడి మెడలోంచి కొంగ లేచిపోద్ది."
తవిటేషు తాత చిన్న రైలుకి గార్డు.
పచ్చజెండా ఊపితే బండి బయల్దేరుతుంది,
శత్రువు ఇంటికెళ్లి, అన్నం తిని, కునుకు తీసి
వచ్చి నిలబడ్డాక
అప్పుడు గుద్దుతుంది.

"హెబొని" అన్నాడు టుకునా.
"చుట్టమంటే బయటోడవ్వాల."
"మీ లెక్కలో మేం బయటోళ్లమే గదరా,
మా తాతకి ఆ హక్కుంది."
గదిలో ఫ్యాను మాత్రం తిరిగింది కాసేపు.
ముందు టుకునాయే నవ్వాడు.

ఆ ఆటలో నాకు నచ్చేది ఒక్కటే.
ఒకడు జపానులో తిడితే
ఇంకొకడు ఫ్రెంచిలో బదులిస్తాడు.
మధ్యన దుబాసీ ఉండడు.
తగలాల్సిన చోటే తగులుతుంది.
మా సంత కూడా అంతే,
ఒడియాలో బేరం, తెలుగులో శాపం,
సవరలో ఏదో గొణుగుడు. అందరికీ చిల్లర సరిపోతుంది.

గుమ్మా పైనున్న పల్లె నుంచి దిగే ఎలియాజరు
అప్పటిదాకా చెప్పుల పట్టీ కుట్టుకుంటున్నాడు.
"మా అమ్మ" అన్నాడు.
"ఆయుధం?"
"లేదు."
"మరి ఏటి చేస్తది?"
"కొండచీపుర్ల మోపు దించదు.
షావుకారు రేటు చెప్తాడు. అమ్మ మాటాడదు.
మోపు నెత్తి మీదే.
ఆడు రూపాయి పెంచుతాడు. అప్పుడూ మాటాడదు."
"ఎంతసేపు?"
"ఆడు ఓడిపోయేదాకా."

"అది దెబ్బే కాదురా, ఒట్టి కాపు" అన్నాడు తవిటేషు.
"కాపే. విరగని కాపు" అన్నాడు టుకునా.
"ఆవిడ్ని పెడితే ఆట చెడిపోద్ది,
అందరూ ఆవిడ్నే ఎంచుకుంటారు."
చివరి జీపు హారను కొట్టింది.
ఎలియాజరు లేచి వెళ్లిపోయాడు.
వాళ్లమ్మ మీద వాదన ఇంకో గంట నడిచింది.

తొమ్మిదిన్నరకి నీడ తొలిగింది.
గద కాదు, జడా కాదు,
మడిచిన గొడుగు.
పొడుగు బూట్లవాడెవడో. ముగ్గురం మొహాలు చూసుకున్నాం.
పద్దులో రాశాను: ఆట లేదు. వాదన, మూడు గంటలు.
బాకీ: ప్రింటు డబ్బులు.

సంతనాడు ఒకావిడ వచ్చింది,
ఆధార్ కాపీలు రెండు కావాలని వేళ్లతో చూపించి.
మోపు దించలేదు.
కాళ్లు కొంచెం ఎడంగా, బరువంతా ఎడమ మడమ మీద,
తెర మీద ఆటగాళ్లు పిలుపు కోసం నిలబడే తీరు.
సవరలో ఒక మాటంది.
"ఆఁ, ఇదిగో అయిపోయింది" అన్నాను తెలుగులో.
గాజు కింద పచ్చటి వెలుగు
ఇటునుంచి అటు పాకింది.

"నాలుగు రూపాయలు" అన్నాను.
ఆవిడ మాట్లాడలేదు.
రెండే తీసుకున్నాను.